ఊదారంగు నిలిచిందా, కరిగిపోయిందా: బ్యాక్టీరియా కణ నిర్మాణం, అభిరంజన పరీక్షలు

గ్రామ్ అభిరంజనం అనే, రంగు వేసి చూసే పరీక్షలో గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా ఊదారంగు తీసుకుంటాయని, గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా ఎరుపు తీసుకుంటాయని ఇంటర్మీడియట్ విద్యార్థులు మొదలుకొని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేవారి దాకా అందరూ కంఠస్థం చేస్తారు. మార్కులకు ఆ వాక్యం సరిపోతుంది గాని స్లైడు మీద జరిగే పనిని అది సరిగ్గా చెప్పదు. ఊదారంగు మొదట రెండు రకాలకూ ఎక్కుతుంది. ఆ తరువాత ఆల్కహాల్ పోసి కడిగినప్పుడే వాటి మధ్య తేడా బయటపడుతుంది. చిన్నదిగా కనిపించే ఈ సవరణను మనసులో పెట్టుకోకపోతే, ఈ పరీక్ష బ్యాక్టీరియా గోడ గురించి ఎందుకు చెప్పగలుగుతోందో, కొన్నిసార్లు ఎందుకు తప్పు చెబుతోందో, దాని ఫలితాన్ని బట్టి వైద్యుడు మందు ఎలా ఎంచుకుంటాడో ఏదీ బోధపడదు.

ముందుగా, రంగు అవసరం ఎందుకు వచ్చిందో చూడాలి. మన పేగుల్లో ఉండే ఎషరీషియా కోలై అనే బ్యాక్టీరియా పొడవు 1 నుంచి 2 మైక్రోమీటర్లు, వెడల్పు అందులో సగం కంటే తక్కువ. మన ఎర్ర రక్తకణం అడ్డుకొలత 7 నుంచి 8 మైక్రోమీటర్లు ఉంటుంది కాబట్టి, దాని పక్కన ఈ జీవి ఒక చిన్న కడ్డీలా మాత్రమే అగుపిస్తుంది. పైగా బ్యాక్టీరియా కణంలో అధిక భాగం నీరే. చుట్టూ ఉన్న ద్రవానికీ దానికీ వెలుతురు వంగే తీరులో పెద్ద తేడా లేదు కనుక, రంగు వేయని కణం సూక్ష్మదర్శినిలో కనీకనిపించని నీడగా మిగిలిపోతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. మామూలు కాంతి సూక్ష్మదర్శిని సుమారు 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపలేదు. బ్యాక్టీరియా కణకవచం మందం ఆ హద్దుకు ఎంతో దిగువన, నానోమీటర్లలో ఉంటుంది. అంటే ఏ ఆసుపత్రి ల్యాబ్‌లోనూ ఎవరూ ఆ గోడను నేరుగా చూడడం లేదు. ఒక రసాయనానికి ఆ గోడ ఎలా స్పందించిందో చూసి, దాని నిర్మాణాన్ని ఊహిస్తున్నారు. అభిరంజన పద్ధతులన్నిటికీ మూలం ఇదే: కంటికి అందని ఒక్కొక్క నిర్మాణాన్ని ఒక్కొక్క రంగు పరీక్షిస్తుంది.

ఈ రంగులు బట్టల పరిశ్రమ నుంచి వచ్చినవి. 1856లో విలియం పెర్కిన్ లండన్‌లో తారు నుంచి తీసిన పదార్థంతో మొదటి కృత్రిమ రంగును తయారుచేసిన తరువాత, జర్మనీలో అనిలిన్ రంగుల కర్మాగారాలు వరుసగా వెలిశాయి. ఆ రంగులనే రాబర్ట్ కోచ్, పాల్ ఎర్లిక్ వంటివారు కణజాలం మీద, సూక్ష్మజీవుల మీద ప్రయోగించారు. వాటిలో మిథిలీన్ బ్లూ, క్రిస్టల్ వయొలెట్, సాఫ్రనిన్, ఫ్యూక్సిన్ నీటిలో కరిగినప్పుడు ధనావేశం గల అణువులుగా విడిపోతాయి. బ్యాక్టీరియా ఉపరితలంలోనూ, లోపలి కేంద్రకామ్లాల్లోనూ రుణావేశం ఎక్కువ. అందుకే ఈ క్షార రంగులు వాటికి ఇట్టే అంటుకుంటాయి. నిగ్రోసిన్ వంటి ఆమ్ల రంగుల తీరు దీనికి విరుద్ధం. వాటిని కణం దగ్గరికి రానివ్వదు కాబట్టి చుట్టుపక్కల ప్రదేశమంతా నల్లబడి, కణం మాత్రం తెల్లగా మిగులుతుంది. ఒకే ఒక్క రంగు వేసి చూస్తే ఆకారం తెలుస్తుంది: గోళాలా, కడ్డీలా, మెలికలా, జంటలుగా ఉన్నాయా, గొలుసులుగా ఉన్నాయా, గుత్తులుగా ఉన్నాయా అని. గోడ సంగతి తెలియాలంటే అది చాలదు.

కణం లోపలి నుంచి బయటికి

బ్యాక్టీరియా కణంలో పొరతో కప్పిన కేంద్రకం లేదు. జన్యుపదార్థమంతా సాధారణంగా ఒకే వలయాకారపు డీఎన్ఏ అణువుగా మెలికలు పడి, కణద్రవ్యంలో ఒక ప్రాంతంలో ముద్దగా ఉంటుంది. ఎషరీషియా కోలైలో దాని నిడివి సుమారు 46 లక్షల క్షార జతలు. సాగదీస్తే అది కణం పొడవు కంటే దాదాపు వెయ్యి రెట్లు ఉంటుంది. దానితోపాటు ప్లాస్మిడ్లు అనే చిన్న వలయాలు ఉండవచ్చు. ఒక బ్యాక్టీరియా నుంచి మరొక దానికి మందులను తట్టుకునే గుణాన్ని తరచుగా మోసుకెళ్లేవి ఇవే. కణద్రవ్యం నిండా ప్రొటీన్లను తయారుచేసే రైబోసోములు ఉంటాయి. మన కణాల్లోని రైబోసోములు 80ఎస్ రకం, బ్యాక్టీరియావి 70ఎస్ రకం. ఈ తేడా వల్లనే టెట్రాసైక్లిన్ల వంటి మందులు మన కణాలను పెద్దగా బాధించకుండా బ్యాక్టీరియా ప్రొటీన్ తయారీని ఆపగలుగుతున్నాయి. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వెలుగులోకి వచ్చి, 1948లో రోగులకు అందింది. ఈ మందు గోడ జోలికి పోకుండా లోపలి రైబోసోము మీద పనిచేస్తుంది కాబట్టి గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ రెండింటి మీదా ప్రభావం చూపగలిగింది.

కణద్రవ్యాన్ని చుట్టి కొవ్వు, ప్రొటీన్లతో కూడిన పలుచని కణత్వచం ఉంటుంది. మైటోకాండ్రియాలు లేని ఈ జీవిలో శ్వాసక్రియ ద్వారా శక్తి ఉత్పత్తి కూడా ఈ పొర మీదనే జరుగుతుంది. అయితే లోపల కరిగి ఉన్న లవణాలు, చక్కెరలు, ప్రొటీన్ల కారణంగా నీరు నిరంతరం లోపలికి చొచ్చుకొస్తూ ఉంటుంది. గ్రామ్ పాజిటివ్ కణాల్లో ఈ ఒత్తిడి 20 అట్మాస్ఫియర్ల వరకు ఉంటుందని అంచనా. కణత్వచం ఒక్కటే దాన్ని తట్టుకోలేదు. అందుకే దాని మీద కణకవచం ఉంటుంది. రెండు రకాల చక్కెర ఉత్పన్నాలు ఒకదాని తరువాత ఒకటిగా కూడిన పొడవాటి గొలుసులు, వాటిని పక్కపక్కన కలుపుతూ నాలుగైదు అమైనో ఆమ్లాల చిన్న వంతెనలు: ఈ అల్లికకే పెప్టిడోగ్లైకాన్ అని పేరు. మన కన్నీళ్లలో, లాలాజలంలో ఉండే లైసోజైమ్ ఆ చక్కెర గొలుసులను తెంపుతుంది. పెన్సిలిన్ ఆ వంతెనలు కట్టుకోకుండా అడ్డుపడుతుంది. రెండింటి ఫలితం ఒకటే. గోడ బలహీనపడిన కణం లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. మన కణాల్లో పెప్టిడోగ్లైకాన్ లేదు కనుక పెన్సిలిన్ మనకు, అలర్జీ ఉన్నవారిని మినహాయిస్తే, చాలావరకు హాని చేయదు.

గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాలో ఈ పెప్టిడోగ్లైకాన్ పొర 20 నుంచి 80 నానోమీటర్ల మందం ఉంటుంది. టైకోయిక్ ఆమ్లాలు దానిలో అల్లుకుని ఉపరితలానికి మరింత రుణావేశాన్ని ఇస్తాయి. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాలో అదే పొర కొన్ని నానోమీటర్లకే పరిమితం. కానీ పలుచని గోడను చూసి వాటిని బలహీనమైనవి అనుకుంటే పొరపాటు. ఆ గోడ బయట వాటికి ఇంకొక పొర ఉంది. ఆ బాహ్యత్వచం లోపలి ముఖం మామూలు ఫాస్ఫోలిపిడ్లతో, వెలుపలి ముఖం లైపోపాలిశాకరైడ్ అనే పదార్థంతో ఏర్పడి ఉంటుంది. దానిలోని కొవ్వు భాగమైన లిపిడ్ ఏ రక్తంలోకి అధికంగా విడుదలైతే తీవ్రమైన జ్వరం వస్తుంది, రక్తపోటు పడిపోతుంది, ప్రాణం మీదికే రావచ్చు. ఈ పొరలో పోరిన్లు అనే ప్రొటీన్ ద్వారాలుంటాయి. సుమారు 600 డాల్టన్లకు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) మించిన అణువులు వాటిలో నుంచి సాధారణంగా దూరలేవు. ఈ సంఖ్య గుర్తుంచుకోదగినది. మందుల ప్రసంగం వచ్చినప్పుడు మళ్లీ దీనితో పని పడుతుంది.

ఊపిరితిత్తుల ముక్కలో మొదలైన పద్ధతి

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ వైద్యుడు బెర్లిన్ నగర ఆసుపత్రిలోని శవపరీక్షా విభాగంలో కార్ల్ ఫ్రీడ్‌లాండర్ దగ్గర పనిచేస్తున్నాడు. న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో బ్యాక్టీరియాకూ మనిషి కణజాలానికీ ఒకే రంగు ఎక్కుతుండటంతో వాటిని వేరుగా గుర్తించడం కష్టమయ్యేది. కణజాలం రంగు పోయి, బ్యాక్టీరియా రంగు మాత్రం నిలిచే ఉపాయం కోసమే గ్రామ్ వెతికాడు. బ్యాక్టీరియాను రెండు వర్గాలుగా విభజించాలన్న ఆలోచన ఆయనకు లేదు. ఊదారంగు వేసి, అయోడిన్ ద్రావణం పోసి, ఆల్కహాల్‌తో కడిగినప్పుడు చాలా బ్యాక్టీరియా ముదురుగా నిలిచాయి. టైఫాయిడ్ బ్యాసిలస్ వంటి కొన్ని మాత్రం కణజాలంతోపాటే రంగు కోల్పోయాయి. తన పద్ధతిలో లోపాలున్నాయని, అది అసంపూర్ణమని గ్రామ్ ఆ వ్యాసంలోనే రాసుకున్నాడు. లోపమనుకున్న ఆ రంగు కోల్పోవడమే, తరువాతి కాలంలో బ్యాక్టీరియా లోకాన్ని విభజించే మొదటి గీటురాయి అయింది. రంగు పోయిన కణాలకు ఎరుపు వేసి కనిపించేలా చేసే సాఫ్రనిన్ దశ గ్రామ్‌ది కాదు, తరువాత ఇతరులు చేర్చినది.

నేడు ల్యాబ్‌లో చేసే క్రమం ఇలా ఉంటుంది. నమూనాను స్లైడు మీద పలుచగా పూసి, ఆరనిచ్చి, మంట మీదుగా ఒకటి రెండుసార్లు పోనిచ్చి అతుక్కునేలా చేస్తారు. దాని మీద క్రిస్టల్ వయొలెట్ పోసి నిమిషంపాటు ఉంచి కడుగుతారు. ఈ దశలో స్లైడు మీదున్న ప్రతి కణమూ ఊదాగానే ఉంటుంది. తరువాత అయోడిన్ ద్రావణం మరో నిమిషం. అయోడిన్ లోపలికి చేరి, రంగు అణువులతో కలిసి నీటిలో కరగని పెద్ద సమ్మేళనంగా మారుతుంది. ఇప్పటికీ అన్ని కణాలూ ఊదాగానే ఉంటాయి. ఆపైన ఆల్కహాల్‌నో, ఆల్కహాల్, ఎసిటోన్ మిశ్రమాన్నో కొన్ని క్షణాలపాటు పోసి వెంటనే నీళ్లతో కడిగేస్తారు. పరీక్ష మొత్తం ఆ కొన్ని క్షణాల మీదనే ఆధారపడి ఉంది. ఆల్కహాల్ మందమైన పెప్టిడోగ్లైకాన్‌లోని నీటిని లాగేయడంతో అల్లిక ముడుచుకుపోయి, అందులోని సందులు మూసుకుపోతాయి, పెద్ద సమ్మేళనం బయటికి రాలేక లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్ కణంలో అదే ఆల్కహాల్ బాహ్యత్వచంలోని కొవ్వును కరిగిస్తుంది. మిగిలిన పలుచని గోడ ఆ సమ్మేళనాన్ని పట్టి ఉంచలేదు. చివరగా సాఫ్రనిన్ పోస్తారు. నిజానికి అదీ అన్నిటికీ అంటుతుంది గాని, ముదురు ఊదా మీద అది తెలియదు. రంగు వెలసిన కణాల్లోనే గులాబీ ఎరుపుగా కనిపిస్తుంది.

అయోడిన్ చేసే పనిని పాఠ్యపుస్తకాలు రంగు పట్టించే పని అంటాయి. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలో బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి పటిక పూసినప్పుడు, ఆ పటిక నూలు దారానికీ రంగుకూ మధ్య బంధంగా నిలుస్తుంది. గ్రామ్ పరీక్షలో అయోడిన్ అలా రంగును గోడకు కట్టివేయదు. రంగు అణువును పెద్దది చేస్తుంది, అంతే. దాన్ని ఆపేది గోడ. దీనికి బలమైన ఆధారం ఉంది. గ్రామ్ పాజిటివ్ కణం గోడను పగలగొట్టి గాని, లైసోజైమ్‌తో కరిగించి గాని అదే పరీక్ష చేస్తే ఊదా నిలవదు, ఆ కణం గ్రామ్ నెగటివ్‌లా కనిపిస్తుంది. గోడలో రంగుతో బంధం ఏర్పరిచే ప్రత్యేక పదార్థమే కారణమైతే, ముక్కలైన గోడ కూడా ఊదాగా ఉండాలి కదా. 1983లో టెర్రీ బెవరిడ్జ్, జె.ఎ. డేవిస్ అయోడిన్‌కు బదులు ప్లాటినం సమ్మేళనాన్ని వాడి, బ్యాసిలస్ సబ్టిలిస్, ఎషరీషియా కోలై కణాల్లో రంగు ఎక్కడ ఉందో, ఎప్పుడు బయటికి పోతోందో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించారు. గ్రామ్ ఈ పద్ధతిని కనుగొన్న దాదాపు వందేళ్లకు గాని అది ఎందుకు పనిచేస్తుందో ఇంత స్పష్టంగా తేలలేదన్నమాట.

ఊదాను నిలిపేది గోడ మందం, దాని చెక్కుచెదరని స్థితి అని తెలిశాక, తప్పుడు ఫలితాలకు కారణం వెతకడం తేలిక. ఆల్కహాల్ కాస్త ఎక్కువసేపు నిలిస్తే గ్రామ్ పాజిటివ్ కణం కూడా రంగు కోల్పోతుంది. తక్కువైతే గ్రామ్ నెగటివ్ కణంలో ఊదా మిగులుతుంది. నమూనాను మందంగా పూస్తే ఒకే స్లైడులో ఒకచోట ఒక ఫలితం, మరోచోట మరొకటి వస్తుంది. కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) పాతబడినప్పుడు, వృద్ధాప్యంలో ఉన్న కణాల గోడలు చిల్లులు పడి ఊదాను వదిలేస్తాయి. రోగి అప్పటికే పెన్సిలిన్ జాతి మందు వాడి ఉంటే, అసలు గ్రామ్ పాజిటివ్ జీవే ఎరుపుగా కనిపించవచ్చు. అసినెటోబాక్టర్ గ్రామ్ నెగటివ్ అయినా ఊదాను అంత తొందరగా వదలదు; అనుభవం లేని కళ్లకు అది గ్రామ్ పాజిటివ్ గోళంలా అనిపిస్తుంది. అందుకే మంచి ల్యాబ్‌లో ప్రతి కొత్త రంగు సీసానూ తెలిసిన రెండు బ్యాక్టీరియాల మీద, సాధారణంగా స్టాఫిలోకాకస్ ఆరియస్, ఎషరీషియా కోలైల మీద పరీక్షించిన తరువాతే రోగి నమూనాకు వాడతారు. ఈ జాగ్రత్తను కాలయాపన అనుకునే చోట వచ్చే రిపోర్టును నేనైతే నమ్మను.

ఇంత శ్రమ ఎందుకంటే, కల్చర్ ఫలితానికి కనీసం ఒకటి రెండు రోజులు పడుతుంది, గ్రామ్ పరీక్ష కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. మెదడు పొరల వాపుతో వచ్చిన రోగి వెన్ను నుంచి తీసిన ద్రవంలో ఊదారంగు జంట గోళాలు కనిపిస్తే న్యుమోకాకస్ అని, ఎర్రటి జంట గోళాలు కనిపిస్తే మెనింగోకాకస్ అని వైద్యుడు బలంగా అనుమానించగలడు. ఎరుపో ఊదానో తెలియడం మందు ఎంపికను కూడా మారుస్తుంది. వ్యాంకోమైసిన్ అణువు బరువు సుమారు 1,450 డాల్టన్లు. పైన చెప్పిన పోరిన్ ద్వారాల హద్దు 600 దగ్గర ఉంది కాబట్టి, ఈ మందు గ్రామ్ నెగటివ్ కణం గోడను చేరనే చేరదు. స్టాఫిలోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ జీవుల మీద మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. కోలిస్టిన్ సంగతి దీనికి తలకిందులు. అది బాహ్యత్వచంలోని లైపోపాలిశాకరైడ్‌నే పట్టుకుని చీల్చుతుంది కనుక, ఆ పొర లేని గ్రామ్ పాజిటివ్‌ల మీద దానికి పని లేదు. మందులను తట్టుకునే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా ఐసీయూల్లో ఇంత పెద్ద సమస్య కావడానికి, వాటి ఇతర ఎత్తుగడలతోపాటు, ఈ అదనపు పొర కూడా ఒక ప్రధాన కారణం. జలుబుకో జ్వరానికో ఎవరికి వారే దుకాణంలో యాంటీబయోటిక్ కొని మింగే అలవాటు మనకు బాగా ఉంది. ఏ గోడకు ఏ మందో తేల్చే పరీక్ష ఒకటి ఉన్నదని, దానికి ముందు మింగిన మాత్ర ఆ పరీక్షనే పక్కదారి పట్టించగలదని చాలామందికి తెలియదు.

మైనం లాంటి గోడ

క్షయ బ్యాక్టీరియా గ్రామ్ పద్ధతికి సరిగ్గా లొంగదు. దాని గోడలో పెప్టిడోగ్లైకాన్ మీద 60 నుంచి 90 కార్బన్ పరమాణువుల పొడవున్న మైకోలిక్ ఆమ్లాల పొర దట్టంగా పరుచుకుని ఉంటుంది. మైనం వంటి ఆ పొరలోకి నీటిలో కరిగిన రంగు పోదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ కారకాన్ని ప్రకటించిన కోచ్, దానికి రంగు ఎక్కించడానికి క్షారం కలిపిన మిథిలీన్ బ్లూతో ఎంతో శ్రమించాల్సి వచ్చింది. ఒకసారి రంగు ఎక్కాక ఈ జీవి ఆమ్లంతో కడిగినా దాన్ని వదలదని అదే ఏడాది ఎర్లిక్ కనుగొన్నాడు. ఫ్రాంజ్ జీల్, ఫ్రీడ్రిక్ నీల్సన్ మెరుగుపరిచిన రూపంలో ఆ పద్ధతి నేటికీ నిలిచి ఉంది. ఫినాల్ కలిపిన కార్బాల్ ఫ్యూక్సిన్ పోసి, స్లైడు అడుగున మంట పెట్టి ఆవిరి వచ్చేదాకా, మరగకుండా వేడిచేస్తారు. ఫినాల్, వేడి కలిసి మైనపు పొరను మెత్తబరచి రంగును లోపలికి పంపుతాయి. చల్లారాక ఆ పొర మళ్లీ బిగుసుకుంటుంది. 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే తక్కినవన్నీ వెలసిపోతాయి, మిథిలీన్ బ్లూ వేశాక నీలి నేపథ్యంలో క్షయ బ్యాసిలస్‌లు ఎర్రటి సన్నని కడ్డీలుగా నిలుస్తాయి. కుష్ఠు కారక బ్యాక్టీరియా కూడా ఈ కుటుంబంలోనిదే గాని దాని పట్టు కొంత తక్కువ. అందుకే దానికి 5 శాతం ఆమ్లమే వాడతారు. క్షయ పరీక్షలోని ఆమ్లాన్నే పోస్తే ఉన్న కుష్ఠు బ్యాసిలస్ లేనట్టుగా కనిపించవచ్చు.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దశాబ్దాలుగా చేస్తున్న తెమడ పరీక్ష ఇదే. నూనె కటకం కింద 100 క్షేత్రాలు (ఒక్కో చూపులో కనిపించే భాగాలు) చూసి, 1 నుంచి 9 బ్యాసిలస్‌లు కనిపిస్తే ఆ సంఖ్యనే రాస్తారు. 10 నుంచి 99 ఉంటే 1 ప్లస్. ఒక్కో క్షేత్రంలో 1 నుంచి 10 ఉంటే 2 ప్లస్. పదికి మించితే 3 ప్లస్. ఈ పరీక్షకు ఒక పెద్ద హద్దు ఉంది. ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 బ్యాసిలస్‌లు ఉంటేనే అవి స్లైడు మీద కంటపడతాయి. అంతకంటే తక్కువున్న రోగికి, ముఖ్యంగా పిల్లలకూ హెచ్‌ఐవీ ఉన్నవారికీ, పరీక్షలో ఏమీ కనిపించలేదన్న ఫలితం వచ్చినా క్షయ లేదని చెప్పలేం. ఆరమైన్ అనే రంగుతో మెరిసేలా చేసి ఎల్‌ఈడీ సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి, డీఎన్ఏను గుర్తించే సీబీనాట్ వంటి పరీక్షలు అందుకే ముందుకు వచ్చాయి. డీఎన్ఏ పరీక్షకు మరో బలహీనత ఉంది: చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా దానికి దొరుకుతుంది. అందువల్ల మందులు పనిచేస్తున్నాయా లేదా అని చూడటానికి దాన్ని వాడరు. ఆ పనికి స్లైడు, కల్చర్ ఇంకా అవసరమవుతున్నాయి.

గోడకు వెలుపల, కణానికి లోపల

కొన్ని బ్యాక్టీరియా గోడ బయట జిగురు పదార్థంతో గుళిక అనే కప్పు కట్టుకుంటాయి. మన తెల్ల రక్తకణాలు మింగకుండా కాపాడే ఈ కప్పు చాలావాటిలో చక్కెర గొలుసులతో ఏర్పడుతుంది. మామూలు రంగులు దానికి అంటవు. ఇండియా ఇంకులో కలిపి చూస్తే నల్లటి నేపథ్యంలో కణం చుట్టూ తెల్లని వలయంగా కనిపిస్తుంది. ఆంత్రాక్స్ (దొమ్మరోగం) బ్యాక్టీరియా గుళిక మాత్రం చక్కెరలతో గాక గ్లుటామిక్ ఆమ్లం గొలుసుతో తయారవుతుంది. ఈ విశేషం పశువైద్యులకు గొప్ప సాయం. దొమ్మరోగంతో హఠాత్తుగా చనిపోయిన పశువు చెవి సిర నుంచి తీసిన రక్తపు చుక్కకు, నిల్వ ఉంచి ముదరబెట్టిన మిథిలీన్ బ్లూ పూస్తే, నీలిరంగు కడ్డీల చుట్టూ గులాబీ ఊదా రేణువులు పరుచుకుని కనిపిస్తాయి. దీన్ని 1903లో వివరించినవాడు జాన్ మెక్‌ఫాడియన్ అనే పశువైద్యుడు. చెవి నుంచే ఎందుకంటే, దొమ్మ అనుమానం ఉన్న కళేబరాన్ని కోయకూడదు. కోస్తే గాలిలోని ఆక్సిజన్ తగిలి బ్యాక్టీరియా సిద్ధబీజాలుగా మారి, ఆ నేలలో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. గొర్రెలు, మేకలు, పశువులు పెంచే ప్రతి ఊరికీ తెలిసి ఉండాల్సిన విషయమిది. పశువులకు వానాకాలంలో వచ్చే గొంతువాపు కారకమైన పాశ్చురెల్లా మల్టోసిడా కూడా రక్తపు స్లైడు మీదనే పట్టుబడుతుంది: దాని రెండు కొనలకే రంగు ముదురుగా ఎక్కి, మధ్యభాగం వెలవెలబోతుంది.

ఆ సిద్ధబీజాల కథ మరీ ఆశ్చర్యకరం. ఆహారం కరువైనప్పుడు బ్యాసిలస్, క్లాస్ట్రీడియం జాతులు తమ డీఎన్ఏ ప్రతిని, చుట్టూ ప్రత్యేకమైన పెప్టిడోగ్లైకాన్ పొరతో, దానిపై ప్రొటీన్ తొడుగులతో లోపలే భద్రపరుస్తాయి. మధ్యభాగంలో నీరు బాగా తగ్గి, కాల్షియంతో కూడిన డైపికోలినిక్ ఆమ్లం పేరుకుంటుంది. మరిగే నీటిలో కూడా చావని ఈ రూపాన్ని నశింపజేయడానికే ఆసుపత్రుల్లో ఆటోక్లేవ్‌ను 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు నడుపుతారు. గ్రామ్ పరీక్షలో సిద్ధబీజం రంగు పట్టని ఖాళీగా కనిపిస్తుంది. మాలకైట్ గ్రీన్‌ను ఆవిరి వేడితో ఎక్కిస్తే అది ఆకుపచ్చగా మారుతుంది. నీళ్లతో కడిగాక సాఫ్రనిన్ వేస్తే చుట్టూ ఉన్న కణం ఎరుపవుతుంది. ధనుర్వాతం కలిగించే క్లాస్ట్రీడియంలో ఆ పచ్చటి గుండు కడ్డీకి ఒక కొసన ఉబ్బి ఉండడం చూడగానే గుర్తుపట్టగల లక్షణం.

కంఠసర్పి (డిఫ్తీరియా) బ్యాక్టీరియాలో ఫాస్ఫేట్ నిల్వల రేణువులుంటాయి. ఆల్బర్ట్ పద్ధతిలో కణం ఆకుపచ్చగా, రేణువులు నలుపు కలిసిన నీలంగా వస్తాయి. గొంతు నుంచి తీసిన నమూనాలో వీటిని చూసి వైద్యులు అప్రమత్తమవుతారు. ఈదడానికి వాడుకునే కశాభాలు మందంలో 20 నానోమీటర్లే కనుక, అవి ఎంత రంగు వేసినా కాంతి సూక్ష్మదర్శినికి అందవు. ముందుగా టానిక్ ఆమ్లం వాటి మీద పేరుకునేలా చేసి లావెక్కించాకే రంగు వేస్తారు. స్లైడు మీద మనం చూసేది ఆ పూతనే.

ఇన్ని పద్ధతులున్నా, గోడే లేని జీవికి గోడ పరీక్ష పెట్టలేం. న్యుమోనియా కలిగించే మైకోప్లాస్మాకు పెప్టిడోగ్లైకాన్ అసలే లేదు. గ్రామ్ స్లైడు మీద అది కనిపించదు, పెన్సిలిన్‌కు చావదు. సిఫిలిస్ కలిగించే ట్రిపోనెమా ఎంత సన్నగా ఉంటుందంటే, దానికి నల్లని నేపథ్యంలో వెలుగు పెట్టి చూసే సూక్ష్మదర్శినో, వెండి లవణాలతో లావెక్కించే పద్ధతో కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వానలు తగ్గాక ఎక్కువగా కనిపించే స్క్రబ్ టైఫస్ కారకమైన ఓరియెన్షియాకు గోడ నామమాత్రం. పైగా అది మన కణాల లోపలే బతుకుతుంది. జ్వరంతో వచ్చిన రోగి రక్తాన్ని గ్రామ్ పద్ధతిలో చూసినా, మామూలు కల్చర్‌కు పంపినా ఏమీ దొరకదు. గోడ మీద పనిచేసే సెఫలోస్పోరిన్ ఇంజెక్షన్లు ఎన్ని రోజులు ఇచ్చినా జ్వరం దిగదు. చిన్న పురుగు కుట్టిన చోట ఏర్పడే నల్లని పక్కు కోసం చంకల్లో, గజ్జల్లో, నడుము మడతల్లో వెతికి, ఎలైజా పరీక్షకు పంపి, రైబోసోము మీద పనిచేసే డాక్సీసైక్లిన్ మొదలుపెడితే, చాలామందిలో రెండు రోజుల్లోపే జ్వరం తగ్గుముఖం పడుతుంది.